తుపాను తరవాత అందరూ మంచివాళ్ళే

నాకు ఎవరితోనూ పడదు. ఈ మాట మా అత్తయ్య చెబుతుంది, నేను పనిచేసే కళ్ళద్దాల షాపులో కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయి చెబుతుంది, నేనూ కాదనను. ముక్కు మీద కోపం, నోట్లో మాట ఆగదు. బయట ఇది పెద్ద లోపం కింద లెక్క. మా రేవులో మాత్రం సరిగ్గా దీని కోసమే నన్ను పిలిచి పీట వేశారు.

రేవంటే నిజం రేవు కాదు, ఫోన్‌లో ఆడుకునే ఆట. అందులో బొమ్మలుండవు, తుపాకులుండవు, గెలుపోటములుండవు. ఉన్నదల్లా రాత. సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరుందనుకుని, అందులో తలా ఒక మనిషి అయిపోయి, ఆ మనిషి మాట్లాడినట్టే రాసుకుంటూ పోతాం. ఒకాయన పడవలు చేసే వడ్రంగి, ఒకామె మంత్రసాని, ఒకడు దొంగ. బయట వాళ్ళు ఎవరో, ఏం చేస్తారో అడగకూడదు. నేను చేపలమ్మిని. దారిన పోయేవాళ్ళని పట్టుకుని తిట్టడమే నా పాత్ర. షాపు వెనక గదిలో నిలబడి పగలంతా అద్దాలు అరగదీసి, గోళ్ళ సందుల్లో ఆ తెల్ల బురదతోనే ఇంటికొచ్చి, సాయంత్రం రేవులో బుట్ట దించుకుని కూర్చుంటే నాకు ప్రాణం లేచొచ్చేది.

"ఇవాళైనా ఏమన్నా అమ్ముడుపోయాయా?" అనేది అత్తయ్య, నేను ఫోన్ పట్టుకోగానే. "తిట్టడానికి సముద్రం దాకా పోవాలా అమ్మాయ్, ఇంట్లో నేను లేనూ?"

ఆటని నడిపే ఆయన్ని రేవు పెద్ద అంటాం. తుపానులు తెచ్చేదీ, ఓడలు పంపేదీ, రూల్స్ పెట్టేదీ ఆయనే. బయట ఒక బస్సు డిపోలో ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరాలో వేసే ఉద్యోగమని మాటల్లో ఒకసారి జారాడు. ఆటని కూడా అచ్చం అలాగే నడిపేవాడు. ఆయన రూల్స్‌లోకెల్లా పెద్దది, రేవులో చచ్చినవాడు చచ్చినట్టే. మళ్ళీ లేవకూడదు, ఒక్క ముక్క రాయకూడదు. శ్మశానం అని ఒక గది ఉంది, అందులో మిగిలినవాళ్ళం తలా ఒక మాట రాసి సాగనంపుతాం. ఆ పాత్ర ఆడినవాళ్ళు కావాలంటే వేరే మనిషిగా కొత్తగా రావచ్చు.

మా దగ్గర ఇంకో ఆనవాయితీ ఉంది. పెద్దకీ, ఆడేవాళ్ళలో ఒకరికీ తగవొస్తే తీర్పు చెప్పేది పెద్ద కాదు, ఆ ఆడేవాళ్ళ స్నేహితులూ కాదు. ఆటలో ఆ ఇద్దరితోనూ ఎప్పుడూ గొడవపడే మనిషి ఎవరో చూసి, వాళ్ళని తగవరిగా కూర్చోబెడతారు. ఎటూ మొగ్గరని ధైర్యం. తగవరి మాటకి ఇద్దరూ కట్టుబడాలి. తగవు తేలేదాకా ఆ తగవరి మాత్రం ఆటలో నోరు విప్పకూడదు. దీపాల తాత గొడవ లేచినప్పుడు, ఇద్దరితోనూ పడనిదెవరు అనగానే రేవు మొత్తం నా వైపు తిరిగింది.

దీపాల తాత లైట్‌హౌస్ కాపలాదారు. నాకూ ఆయనకీ నాలుగేళ్ళుగా ఉప్పూ నిప్పూ. నా చేపల కంపు తన మేడ మీదికి ఎక్కి దీపాన్ని ఆర్పేస్తోందని పైనుంచి అరిచేవాడు. నీ దీపం వెలుగులో పిల్లికి కూడా దారి కనపడదురా ముసలాడా అని కిందినుంచి నేను. ఆయన రాసేది నాలుగు మాటలే, అవి మాత్రం సూదుల్లా దిగేవి. ఏ సాయంత్రమైనా ఆయన నన్ను తిట్టకపోతే నాకు ఏదో తక్కువైనట్టుండేది. ఈ సంగతి రేవులో ఎవరికీ చెప్పలేదు.

మొన్నామధ్య పెద్ద ఒక తుపాను తెచ్చాడు. తుపానులో ఒక్కొక్కరికీ వంతు వస్తుంది. నీ మీదికి అల వస్తోంది, ఏం చేస్తావో రాయి అంటాడు. మర్నాటి సాయంత్రం లోపు రాయాలి. రాయకపోతే రెండుసార్లు గుర్తుచేస్తాడు, అప్పటికీ జవాబు లేకపోతే ఏమవాలో తుపానే నిర్ణయిస్తుంది, అంటే ఆయనే. తాత వంతు వచ్చింది. తాత కిక్కురుమనలేదు. పెద్ద రెండుసార్లు పిలిచి, ఆగి, చివరికి రాసేశాడు. తాత వానలో మెట్లెక్కి దీపం వెలిగించాడని, దిగుతుంటే మెట్లు కూలాయని, దీపం మాత్రం తెల్లవారేదాకా ఆరలేదని.

శ్మశానంలో అందరూ రాశారు. నేను రాయలేదు. ఆ ముసలాడికి మర్యాదగా రెండు మాటలు రాస్తే నాకే అసహ్యం, తిట్టాలంటే మాట పెగల్లేదు. రేపు రాద్దాంలే అనుకున్నాను. ఆ రేపు వచ్చేలోపే గొడవ లేచింది.

తాత పాత్ర ఆడే మనిషి వారం తరవాత వచ్చి, ఆట బయటి మాటల కోసం పెట్టుకున్న చావడి గదిలో నిప్పులు చెరిగేసింది. "మా ఇంట్లో మనిషి ఆసుపత్రిలో ఉంటే నీ తుపానుకి జవాబులు రాస్తూ కూర్చోవాలా? బయట నీ మాట వినే దిక్కు లేక ఇక్కడ దొరతనం వెలగబెడుతున్నావు. నువ్వొక హంతకుడివి" అంది. పెద్ద మారు మాట్లాడకుండా ఆమెకి రాసే వీలు లేకుండా తాళం వేశాడు. ఇక చూడండి, రేవు రెండు ముక్కలైంది. రూలు రూలే అని సగం మంది, మనిషికి ఆసుపత్రి ముఖ్యమా ఆట ముఖ్యమా అని సగం మంది. వడ్రంగి సగం చెక్కిన పడవని వదిలేసి వెళ్ళిపోయాడు. మంత్రసాని మాట మానేసింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే రేవులో దొంగా నేనూ మిగిలేలా ఉన్నాం.

మొదట పెద్దతో మాట్లాడాను. భోజనం వేళ షాపు వెనక ఇనప మెట్ల మీద కూర్చుని ఫోన్ చేశాను. ఆయన గొంతు వినడం అదే మొదలు. గట్టిగా ఉంటుందనుకున్నాను, నీరసంగా ఉంది.

"చూడమ్మా, రెండుసార్లు పిలిచాను. ఇంకా ఏం చెయ్యను? ఇవాళ ఒక్కరిని లేపి కూర్చోబెడితే రేపు శ్మశానం మొత్తం లేచి కూర్చుంటుంది. ఇంతకుముందు నేను నడిపిన ఆట అలాగే పోయింది. ఎవడూ చావడని తెలిశాక ఎవడికీ భయం లేదు, ఎవడి మాటకీ విలువ లేదు. అందరూ విసుగొచ్చి పోయారు."

"రూలు సంగతి సరే పెద్దగారూ. తాళం ఎందుకు వేశారు? ఆవిడ అన్న మాటకేనా?"

ఆయన వెనక బస్సుల హారన్లు వినపడుతున్నాయి.

"బయట నా మాట వినే దిక్కు లేదంది కదమ్మా. ఇక్కడ డ్రైవర్లు నేను వేసిన డ్యూటీ చార్ట్ చూసి నా ముందే నవ్వుకుంటారు. ఇంట్లో మావాడు నేను మాట్లాడుతుంటే చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తియ్యడు. అది ఆవిడకెలా తెలిసిందా అని నాలుగు రోజులు నిద్ర పట్టలేదు."

ఆయన్ని నాలుగు దులుపుదామనే ఫోన్ చేశాను. ఆ మాట విన్నాక జాలేసి నోరు రాలేదు. ఆవిడ చావడిలో అందరి ముందూ క్షమాపణ చెప్పాలి, తాత మాత్రం లేవకూడదు, ఇదీ ఆయన పట్టు.

సాయంత్రం తాతకి ఫోన్ చేశాను. నాలుగేళ్ళుగా నాతో పోట్లాడింది ఏ రిటైరైన పెద్దమనిషో అనుకుంటూ వచ్చాను, చావడిలో గొడవతో ఆడమనిషని తెలిసింది. ఫోన్ ఎత్తిన గొంతు వింటే ఇంకా చిన్నపిల్లది.

"అక్కా, తాత నేను కాదు" అంది. "టైపు చేసేదే నేను. మాటలు మా నాన్నవి."

వాళ్ళ నాన్న డ్రైవింగ్ నేర్పే మాస్టారు. ఊళ్ళో సగం మందికి పక్క సీట్లో కూర్చుని, తిట్టి తిట్టి నేర్పిన మనిషి. తరవాత ఒంట్లో కండలన్నీ ఒకటొకటిగా చచ్చుబడిపోయే జబ్బు పట్టుకుంది. ముందు కాళ్ళు, తరవాత చేతులు పోయాయి. ఇప్పుడు గొంతు కూడా పోతోంది, ఒక ఊపిరికి రెండు మూడు మాటలే వస్తాయి. రోజూ సాయంత్రం కూతురు టికెట్ కౌంటర్‌లో డ్యూటీ దిగి వచ్చి మంచం పక్కన కూర్చుంటుంది. రేవులో ఎవరేమన్నారో చదువుతుంది. ఆయన జవాబు చెబుతాడు, ఈమె టైపు చేస్తుంది. తుపాను రోజున ఆయనకి గొంతులో గళ్ళ అడ్డుపడి ఊపిరి ఆడలేదు. అంబులెన్సు, వార్డు, గొట్టాలు. ఇంటికి తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టి, పాపం ఆయనకి కాలక్షేపమని ఫోన్ తెరిస్తే శ్మశానంలో తాత పేరు కనపడింది.

"నాన్నకి చెప్పలేదక్కా" అంది.

"చెప్పకపోవడమేంటి? మరి రోజూ ఏం చదువుతున్నావు?"

"నేనే రాసి చదువుతున్నా. తుపాన్లో ఎవరికీ ఏం కాలేదని చెప్పేశా. వడ్రంగి మాటలు, మంత్రసాని మాటలు, మీ మాటలు, అన్నీ నేనే. కౌంటర్‌లో జనం లేనప్పుడు రాసి పెట్టుకుని, సాయంత్రం రేవులోంచి చదువుతున్నట్టు చదువుతా. ఎన్నాళ్ళు రాస్తానక్కా? నావల్ల కావట్లేదు. తాతని వెనక్కి ఇప్పించండి. ఆయన కాలూ చెయ్యీ ఆడే చోటు అదొక్కటే."

అంతవరకూ ఇది పంతాల గొడవ అనుకున్నాను. ఎలాగైనా సరే తాతని లేపి తీరాలని ఆ నిమిషంలోనే నిశ్చయించుకున్నాను. తగవరి ఎటూ మొగ్గకూడదన్న సంగతి గాలికి వదిలేశాను.

ఆ తరవాత ఇద్దరి మధ్యా తిరగలేక నా తల ప్రాణం తోకకొచ్చింది. సంగతి చెప్పగానే పెద్ద, "ఇది ముందే చెప్పొచ్చుగా?" అన్నాడు. "బయటి సంగతులు అడగకూడదన్న రూలు ఎవరిది?" అన్నాను. దాంతో తాత సంగతిలో ఆయన తగ్గాడు, అయినా క్షమాపణ మాత్రం కావాలన్నాడు. కూతురేమో, మా నాన్నని చంపినవాడికి నేను క్షమాపణ చెప్పాలా అని ఒంటికాలి మీద లేచింది. ముందు ఆయన చెప్పాలంటుంది ఈమె, ముందు ఆమె చెప్పాలంటాడు ఆయన. అద్దం బిగిస్తూ ఒకరిని, విప్పుతూ ఇంకొకరిని తిట్టాను. కౌంటర్ అమ్మాయి తలుపు సందులోంచి తొంగిచూసి, ఎవరింట్లో పెళ్ళి చెడింది అనడిగింది.

చివరికి ఆ పిల్లే వంగింది. నాన్న కోసం కాబట్టి వంగింది. పెద్ద తాళం తీయగానే చావడిలో, నేనన్న మాట తప్పు, మనసు కష్టపెట్టినందుకు క్షమించండి అని రాసింది. అది చదివిన పెద్ద, అడక్కుండానే దాని కిందే రాశాడు. నేను ఇంకొక్క రోజు ఆగాల్సింది, ఆగలేదు, అని. తీర్పు ఖాయమైంది. తాత శవం దొరకలేదు కాబట్టి చచ్చినట్టు లెక్క కాదు. అలలకి కొట్టుకుపోయి, వచ్చే ఆదివారం సాయంత్రం ఒడ్డుకి వస్తాడు. వడ్రంగి అప్పుడే ఉలి పట్టుకుని తిరిగొచ్చేశాడు. నాకు నేల మీద కాలు ఆగలేదు.

"ఇంట్లో తగవులు పెట్టేదానివి, బయట తీరుస్తున్నావా?" అంది అత్తయ్య. అన్నా, ఆ పూట టీ తనే పెట్టి ఇచ్చింది.

ఆదివారం పొద్దున ఆ పిల్ల ఫోన్ చేసింది. పడుకుంటే నాన్న కళ్ళద్దాలు జారిపోతున్నాయని, ఫోన్‌లో నా మాటల్ని బట్టి నాది ఆ పనేనని తెలిసిందని, ఒకసారి వచ్చి చూస్తారా అని. తీరా చూస్తే మేముండేది ఒకే ఊళ్ళో, రెండు బస్సులు మారితే చాలు. తగవు ఎలాగూ తీరింది కదాని చిన్న స్క్రూడ్రైవర్లూ, ముక్కు మీద ఆనే రబ్బరు ముక్కలూ సంచిలో వేసుకుని బయల్దేరాను. నాలుగేళ్ళు నన్ను తిట్టిన మనిషిని చూడబోతున్నానని లోపల సంబరంగా ఉంది.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో తల వైపు ఎత్తగలిగే మంచం, పక్కన గళ్ళ తీసే మిషనూ ఊపిరి అందించే మిషనూ, గోడకి మేకు మీద ఎర్ర అక్షరం ఉన్న పాత రేకు పలక. డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళ కార్లకి కడతారే, అది. కిటికీలోంచి కింద కార్లు పెట్టుకునే చోటు కనపడుతుంది. మంచం మీద మనిషి ఎముకలే, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. ఎవరో కారు వెనక్కి తీస్తూ గోడకి తగిలిస్తే ఆ కళ్ళు చిరాకు పడ్డాయి. గళ్ళ తీసే గొట్టాలు అయిపోయాయి, మందుల షాపు దాకా వెళ్ళి తెస్తానని కూతురు కిందికి దిగింది.

"చేపలమ్మివి... నువ్వేనా?" అన్నాడాయన. గొంతు కాదది, ఊపిరి.

"నేనేనండి."

"కంపు... రావట్లేదే."

ఇద్దరం నవ్వాం. ఆయన నవ్వు మొహం మీదే ఆగిపోయింది, ఒంట్లోకి దిగలేదు. కళ్ళద్దాలు తీసి చూశాను. కూర్చున్నవాళ్ళకి సరిచేసిన ఫ్రేము అది, పడుకున్నవాళ్ళకి చెవి మీద పట్టు ఉండదు. ఫ్లాస్కులోని వేడినీళ్ళలో కాడల చివర్లు ముంచి, మెత్తబడ్డాక చెవి వెనక్కి దిగేలా వంచాను. ముక్కు దగ్గర రబ్బర్లు మార్చి మళ్ళీ పెట్టాను.

"ఆఁ. కనపడుతున్నావ్" అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "నన్నెప్పుడు... చంపారు?"

నా చేతిలో స్క్రూడ్రైవర్ కింద పడింది.

"ఎవరన్నారండీ ఆ మాట?"

"నువ్వే. నా దగ్గు... ఎలా ఉందని... అడిగావు." మాటకీ మాటకీ మధ్య ఊపిరి మిషను గుయ్యిమంటోంది. "నాలుగేళ్ళలో... ఒక్క మంచి మాట... అన్నావా? వడ్రంగి... కయ్యానికి రాడు. దొంగ... దొంగతనం మానేశాడు. తుపాను తరవాత... అందరూ మంచివాళ్ళే. అది... మా అమ్మాయి రాత. దానికి... తిట్టడం రాదు."

అబద్ధమాడడం నాకు చేతకాదు. జరిగింది చెప్పేశాను. వాన, మెట్లు, కూలిపోవడం. ఆయన కళ్ళార్పకుండా విన్నాడు.

"దీపం?"

"తెల్లారేదాకా వెలిగింది."

"పడవలు?"

"అన్నీ ఒడ్డుకి చేరాయి. ఒక్కటి కూడా మునగలేదు."

"బాగా... రాశాడే" అన్నాడు. నిజంగా మెచ్చుకుంటున్నట్టే అన్నాడు.

ఆయన దిగులు పడతాడేమోనని నేను గబగబా శుభవార్త చెప్పేశాను. తగవు తీర్చేశానని, శవం దొరకలేదు కాబట్టి ఈ సాయంత్రమే ఒడ్డుకి వస్తున్నాడని, రేపటినుంచి మళ్ళీ నన్ను తిట్టుకోవచ్చని. నేను ఎంత సంబరపడ్డానో ఆయన మొహం అంత మూసుకుపోయింది.

"వద్దు" అన్నాడు.

"వద్దంటారేంటి?"

"అంత మంచి చావు... మళ్ళీ దొరుకుతుందా? ఈ మంచం మీద... దొరకదు."

నాకు ఒళ్ళు మండింది. దుఃఖం వస్తే నాకు ముందు కోపమే వస్తుంది. "మీకోసం ఆ పిల్ల ఎన్ని పాట్లు పడిందో తెలుసా? క్షమాపణలు చెప్పింది. పొద్దున్నుంచీ టికెట్లు చింపి, ఆ మధ్యలో ఊరందరి మాటలూ రాసి..."

"అదే. అందరివీ... రాస్తుంది. నా నోరు... అదే. మీ నోళ్ళు... అదే. దాని మాట... ఏదీ?" చాలాసేపు ఊపిరి కోసం ఆగాడు. "తగవరివి కదా. దానికి... నువ్వు చెప్పు. నాకు... ఊపిరి చాలదు."

అంతటితో ఆ మాట వదిలేశాడు. శ్మశానంలో ఎవరేం రాశారో చదవమన్నాడు. చదివాను. మంత్రసాని మాట దగ్గర కళ్ళు మూసుకున్నాడు, దొంగ మాట దగ్గర పెదవి వంకరగా కదిలింది. మొత్తం అయ్యాక, "నీది?" అన్నాడు.

"తగవరి రాయకూడదు కదండీ."

"తగవు... అయిపోయింది. తిట్టు."

అప్పుడే తలుపు చప్పుడైంది. ఆ పిల్ల గొట్టం మార్చి వంటగదిలోకి వెళ్తే వెనకే వెళ్ళాను. ఇలాంటి మాటలు మెత్తగా ఎలా చెప్పాలో నాకు తెలీదు, ఉన్నదున్నట్టు చెప్పాను. నాన్నకి ముందే తెలుసని, తాత మళ్ళీ లేవడం ఆయనకి ఇష్టం లేదని.

"తీర్పు ఇచ్చేశారుగా!" అంది, గొంతు పైకి రాకుండా అణచుకుంటూ. "ఆ మనిషి కాళ్ళు పట్టుకున్నంత పని చేశా. ఇప్పుడొచ్చి వద్దంటే ఎలా? మీకసలు ఆయన దగ్గర ఆ మాట ఎత్తే హక్కెవరిచ్చారు?"

జీవితంలో మొదటిసారి తిట్టించుకుంటూ ఊరుకున్నాను. ఆమె గిన్నెలున్న గట్టు పట్టుకుని నిలబడింది. కోపమంతా అయ్యాక అసలు మాట బయటికొచ్చింది.

"ఇంక ఆయనతో నేనేం మాట్లాడనక్కా?" అంది. "రేవు తప్ప మా ఇద్దరికీ మాటలు లేవు."

తనకి డ్రైవింగ్ నేర్పిస్తానని వాళ్ళ నాన్న ఒకప్పుడు తీసుకెళ్ళాడట. అందరినీ తిట్టినట్టే తిట్టాడు. ఈమె నడిరోడ్డు మీద కారు ఆపి, తాళం చెవి సీట్లో పడేసి ఇంటికి నడిచొచ్చేసింది. వెనకాల ఎన్ని బళ్ళు ఆగిపోయాయో! ఆ తరవాత ఏళ్ళ తరబడి ఇద్దరి మధ్యా అవసరానికి రెండు ముక్కలే. అమ్మ పోయాక అవీ తగ్గాయి. జబ్బు వచ్చాక మందుల పేర్లు చేరాయి. రేవు దొరికాకే ఆయన కళ్ళలోకి చూస్తూ కూర్చోవడం మొదలైంది. చూసి ఏం లాభం, ఆయన మాటలన్నీ చేపలమ్మికీ వడ్రంగికీను. అవి ఈమె చెవిలో దూరి వేళ్ళలోంచి బయటికి పోయేవి.

"తాత పోతే ఆయనకి నేను నర్సుని, అంతే" అంది.

వంటగదిలో పొట్టి స్టూలు లాక్కుని కూర్చుని, ఫోన్ తీసి శ్మశానం గదిలోకి వెళ్ళాను. రాసేటప్పుడు కళ్ళకి ఏమీ సరిగా ఆనలేదు. ఎలాగో రాసేసి, "వెళ్ళి చదువు. ఇది నిజంగా రేవులోదే" అన్నాను.

ఆమె మంచం పక్కన తన కుర్చీలో కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"ఒరే ముసలాడా" అని మొదలుపెట్టింది. "చచ్చావా? చచ్చేటప్పుడైనా ఒక మాట చెప్పి చావాలని తెలీదా? బుట్ట నెత్తిన పెట్టుకుని నీ మేడ కింద నిలబడ్డాను, పైనుంచి ఒక్క తిట్టూ రాలలేదు. నా చేపల కంపు ఇప్పుడు ఎవడికి చెప్పుకోను? నాలుగేళ్ళు పోట్లాడి ఆఖరి మాట నీదే చేసుకుని పోయావు, సిగ్గులేనివాడా. నీ దీపం బాగానే వెలుగుతుందని బతికుండగా ఒక్కసారి కూడా అనలేదు. ఇప్పుడూ అనను. పడుకో."

ఆయన నవ్వాడు. ఈసారి నవ్వు ఒంట్లోకి దిగి దగ్గు తెచ్చింది. ఆ పిల్ల చటుక్కున లేచి మిషను పెట్టి గళ్ళ తీసి, మూతి తుడిచి మళ్ళీ కూర్చుంది. ఆయన పెదవులు కదిలాయి. నాకు జవాబు తయారవుతోందని తెలిసిపోయింది. ఆమెకీ తెలిసింది. అలవాటు కొద్దీ ఫోన్ మీద వేళ్ళు పెట్టి, అంతలోనే ఆపేసింది.

"నాన్నా, చచ్చినవాళ్ళు రాయకూడదు" అంది. చిన్నపిల్లలా ఏడుపు మొహం పెట్టింది.

"రాయకు" అన్నాడాయన. ఊపిరి తీసుకున్నాడు. "విను."

ఆమె ఫోన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, కిటికీ గట్టు మీద బోర్లించింది. ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ రోజు... కారు..." అన్నాడు. ఊపిరి మిషను గుయ్యిమంది. "నడిరోడ్డు మీద... వదిలేసి..."

అక్కడిదాకానే విన్నాను. అక్కడినుంచి అది నేను వినకూడని మాట. చెప్పులు చేత్తో పట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా మూసి, మెట్లు దిగాను. మళ్ళీ ఆయన్ని చూడనని నాకు తెలుసు. ఆ ఊపిరి ఎన్నాళ్ళో సాగేది కాదు. ఆ ఇంటికి ఎదురుగా ఉన్న బస్ స్టాప్‌లో బెంచీ మీద కూర్చుని, పక్కన ఎవరున్నారో కూడా చూసుకోకుండా ఏడ్చేశాను.

ఫోన్ మోగింది. రేవు పెద్ద. అనుకున్న టైముకి తాతని ఒడ్డుకి తేవాలి కదా, ఆయన డిపో బుద్ధి ఎక్కడికి పోతుంది.

"ఏమ్మా, అందరూ ఎదురుచూస్తున్నారు. శ్మశానంలో నువ్వేదో రాశావేంటి? తీర్పు ఏమని పెట్టను?"

"తాత చచ్చిపోయాడని పెట్టండి. అలాగే ఉండనివ్వండి" అన్నాను.

ఎందుకని అడగలేదు. నా గొంతు విని అడగలేదనుకుంటాను. బస్సుల చప్పుడు మధ్య ఆయన ముక్కు చీదుకోవడం వినపడింది.

"మరి దీపం?"

"ఎవరో ఒకరు వచ్చేదాకా మీరే వెలిగించండి."

"సరే" అన్నాడు. ఇంకా పెట్టెయ్యలేదు. "అయితే ఈ తగవు తీరినట్టేనా అమ్మా?"

తలెత్తి మూడో అంతస్తు వైపు చూశాను. కిటికీ గట్టు అంచున బోర్లించిన ఫోన్ మూల ఇంకా అలాగే కనపడుతోంది. దాని వెనకాల ఆ పిల్ల తల ముందుకి వంగి ఉంది.

"తెలీదు పెద్దగారూ" అన్నాను. "మాట్లాడుకుంటున్నారు."